తుక్కు నుంచి తెచ్చిన డబ్బా వ్యాన్

మా చిన్నప్పుడు నాచారంలో మా ఇంటికి ఒక వ్యాన్ వచ్చింది... ట్రాక్టర్ వెనక తాడు కట్టించుకుని మరీ! ముందు భాగం నలిగిపోయింది, అద్దాలు లేవు, ఒక తలుపు వేలాడుతోంది. నాన్న మాత్రం పెళ్ళివారిని తీసుకొస్తున్నంత సంబరంగా దాని పక్కన నడిచొచ్చాడు. వీధంతా బయటికొచ్చి చూసింది.

"ఏంది బావా, తుక్కు దుకాణం పెడుతున్నవా?" అన్నాడు ఎదురింటి మల్లేశ్ మామ.

వరంగల్ హైవే మీద లారీని గుద్దుకున్న డబ్బా వ్యాన్ అది. ఉప్పల్‌లో తుక్కు కొనే ఆయన దగ్గర చవగ్గా దొరికింది. నాన్నది ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని. ఇంటి ముందు బండి ఉండాలన్న సోకు కాదు ఆయనది... అంతా తమ్ముడు ప్రేమ్ కోసం.

వాడికి పుట్టినప్పటి నుంచి కాళ్ళలో బలం లేదు. అమ్మే చంకన ఎత్తుకుని బడికి తీసుకెళ్ళేది. వాడేమో పెరుగుతున్నాడు, అమ్మ నడుమేమో పట్టేసింది. ఇక బడి మానిపిద్దామన్న మాట ఇంట్లో వచ్చేసింది. అది విన్న రోజు వాడు అన్నం ముట్టలేదు.

ఇక చూడాలి మా ఇంటి హడావుడి... నాన్న డ్యూటీ దిగి రాగానే చాయ్ తాగి వ్యాన్ కిందికి దూరేవాడు. ఇంజన్ పని ఆయన దోస్తు యూసుఫ్ చాచాది. సొట్టలు తీసే సామాను కొనే స్తోమత లేక, కారం దంచే రోకలికి గోనెపట్టా చుట్టి రేకు మీద కొట్టారు. అమ్మకు రోకలి కావాలంటే వ్యాన్ కింద వెతుక్కోవాలి! రంగేమో ఫ్యాక్టరీలో మిషన్లకు వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు. దాన్ని కుంచెతోనే పూశాడు నాన్న. వీధి పిల్లలు దానికి 'మిషన్ బండి' అని పేరు పెట్టేశారు.

పాత సిటీ బస్సులో పట్టుకునే రాడ్ ఒకటి సంపాదించి, ప్రేమ్ చేతికి అందేలా వెనక సీటు పక్కన వెల్డింగ్ చేశాడు. కింద ఒక ఇనప మెట్టు. వాడు ఆ రాడ్ పట్టుకుని వేలాడుతూ, జారుతూ, చివరికి ఒక్కడే ఎక్కి కూర్చున్నాడు. నాన్న అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

అంతా అయిపోయిందనుకున్నాం. సీటు కవర్లు కుడదామని అమ్మ వెనక సీటు లేపితే కింద ఒక చిన్న చెప్పు దొరికింది. ఆడపిల్లది... ఎర్రది. ఒక్కటే.

అమ్మ దాన్ని పట్టుకుని గడపలో కూలబడింది. "ఈ పిల్ల ఏమైందో అడిగినవా?" అంది నాన్నను.

తుక్కు ఆయన్ని నాన్న ఇంజన్ గురించి, గేర్ల గురించి సవాలక్ష అడిగాడు గానీ, అది మాత్రం అడగలేదు.

"ఆ పిల్ల ఎట్లున్నదో తెల్వకుండ నా కొడుకును దీంట్ల కూసోవెట్ట. బడి లేకున్నా సరే."

"గిన్ని దినాలు కష్టపడ్డంక గిప్పుడు చెప్తవా?" అని నాన్న గొంతు పెంచాడు. అది విని ప్రేమ్ వ్యాన్‌లోకి ఎక్కి రాడ్ పట్టుకున్నాడు, దిగనని ఒకటే ఏడుపు.

మల్లేశ్ మామ నిమ్మకాయలు తెచ్చి, టైర్ల కింద పెట్టి తొక్కిస్తే దోషం పోతుందన్నాడు. మాది చర్చికి వెళ్ళే ఇల్లు... పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేద్దామన్నారు. అమ్మ దేన్నీ కాదనలేదు. "రెండూ జేయుండ్రి. గని ముందుగాల ఆ పిల్ల సంగతి జెప్పుండ్రి" అంది. మొండిఘటం మా అమ్మ. ఇప్పుడు తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

మర్నాడు నాన్న సెలవు పెట్టాడు. తుక్కు ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని, వ్యాన్ పాత యజమాని కోసం నారపల్లి వెళ్ళాడు. పొద్దుగూకే దాకా అమ్మ పొయ్యి ముట్టించలేదు. నాన్న గేటు తీస్తూనే అరిచాడు... "మంచిగున్నదే! పిల్ల మంచిగున్నది!"

ముఖమైనా చూడని పిల్ల కోసం అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆదివారం ఆ పిల్లే వాళ్ళ నాన్నతో మా ఇంటికి వచ్చింది. పేరు సంధ్య. మోకాలి మీద కుట్ల మచ్చ. అమ్మ చెప్పు ఇస్తే తొడుక్కోబోయింది, మడమ బయటే ఉండిపోయింది. "ఎంత పెరిగినవ్ బిడ్డా!" అని అమ్మ మురిసిపోయింది.

నిమ్మకాయలు పెట్టారు, ప్రార్థనా అయింది. "మొదలు నువ్వే ఎక్కాలె" అని అమ్మ అనగానే సంధ్య తన నాన్న చొక్కా గట్టిగా పట్టుకుంది. మెట్టు దగ్గరికి రానంది.

అప్పటికే లోపల కూర్చున్న ప్రేమ్ చెయ్యి చాపాడు. "నేను రాడ్ పట్టుకున్న. నువ్వు నన్ను పట్టుకో. ఏం గాదు."

అంతవరకూ మేమందరం ఎత్తుకుని తిప్పిన మా ప్రేమ్... ఇంకొకరికి ఆసరా ఇవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

సంధ్య ఎక్కింది. వెనకాలే అమ్మ ఎక్కింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా వెళ్ళొచ్చాం, ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. ప్రేమ్ బడి మానలేదు.

ఇప్పుడు వాడు ఉద్యోగస్తుడు. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక కారు కొని, చేతులతోనే నడిపేలా మార్పించుకున్నాడు. ఎంత తిరిగింది, ఎక్కడ గీత పడింది, ఏ తలుపుకు రంగు మార్చారు... అన్నీ అమ్మే కంపెనీ వాళ్ళు ఫోన్‌లోనే చూపించారు, కారు తెచ్చి గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు. ఇంతకుముందు అందులో ఎవరు తిరిగారో మాకు తెలియదు. అడుగుదామంటే మనిషే లేడు.

మీ ఇంట్లో కూడా ఇంకొకరి చేతుల మీదుగా వచ్చిన బండో, మంచమో, కుట్టుమిషనో ఉంటే, దాని కథ కింద రాయండి. అమ్మకు చదివి వినిపిస్తాను... ఆ మనుషులు బాగున్నారో లేదో కూడా రాయండి మరి, లేకపోతే ఆమె ఊరుకోదు.