ఇంటి ఓటు

మా చిన్నాయన గోవిందప్ప 1998లో పార్లమెంటుకు నిలబడ్డాడు. నవ్వకండి. ఐదెకరాల మెట్ట, ఒక ఎండిన బావి తప్ప ఏమీ లేని కుందుర్పి వైపు రైతు ఢిల్లీకి పోతానంటే మేమూ నవ్వాం. ఆయనకు బకెట్టు గుర్తు వచ్చింది. ఖాళీ బకెట్టు చేత పట్టుకుని ఊరూరా తిరిగి, "దీంట్లోకి నీళ్లు రావల్లంటే దీనికే ఓటెయ్యండప్పా" అనేవాడు. ముద్ర ఎక్కడ గుద్దాలో, కాగితం ఎలా మడవాలో అందరికీ నేర్పాడు, ఒక్క భార్య హనుమంతమ్మకు తప్ప.

"ఇంటి ఓటు యాడికి పోతాది లేరా" అన్నాడు నాతో.

అనంతపురంలో ఓట్లు లెక్కపెట్టిన రోజు ఆయన ఏజెంటుగా నేనూ ఉన్నాను. ఒక కాగితంలో బకెట్టు బొమ్మ మీద స్వస్తిక్ ముద్రకు బదులు నల్లగా బొటనవేలి ముద్ర కనిపించింది. చదువు రానివాళ్లకు పోలింగు బూత్‌లో ముందు వేలికి సిరా పూసి, రసీదు మీద వేలిముద్ర వేయించుకుని, ఆ తర్వాతే ఓటు కాగితం ఇస్తారు. ఎవరో ఆ వేలినే బకెట్టు మీదా ఒత్తారు. ఆఫీసరు చెల్లదని పక్కన పడేశాడు.

"ఎవరప్పా ఈ తెలివిగలోళ్లు!" అని చిన్నాయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

డిపాజిట్టు గల్లంతై ఇంటికొచ్చి, సంగటి తింటూ కూడా ఆయన ఆ వేలిముద్ర కథే చెప్పాడు. వడ్డిస్తున్న చిన్నమ్మ నవ్వలేదు. మేం పట్టించుకోలేదు.

మరుసటి ఏడే మళ్లీ ఎన్నికలొచ్చాయి. మళ్లీ బకెట్టే. పోలింగు రోజు చిన్నమ్మ "పానం బాగలేదు" అని కదల్లేదు. సాయంత్రం మాత్రం చేనికి పోయి గడ్డి కోసుకొచ్చింది.

"కట్టుకున్నదే ఎయ్యకపోతే ఊరోళ్లనేం అడిగేది?" అని చిన్నాయన ఆ బకెట్టు తీసుకెళ్లి ఎండిన బావిలో పారేశాడు. ఆ తర్వాత ఎన్నికల మాటెత్తలేదు. ఆమెతోనూ అవసరానికి మించి మాట్లాడలేదు. అలా ఐదేళ్లు గడిచాయి.

2004లో కొత్త ఓటింగు మిషను చూపించడానికి మా ఊరి బడికి ఒక సారు వచ్చాడు. ముద్ర లేదు, కాగితం లేదు, వేలితో నొక్కితే చాలన్నాడు. అందరి వెనక నిలబడ్డ చిన్నమ్మ ముందుకొచ్చింది.

"ఉత్త వేలితో ఒత్తితే చెల్లుతాదా సార్?"

"చెల్లుతుందమ్మా."

ఆమె గోడకు ఆనుకుని కూర్చున్న చిన్నాయన వైపు తిరిగింది. "మొదటి తూరి నేను వేలితోనే ఒత్తినా. నువ్వు నవ్వినావు. ఇంగో తూరి పోతే మళ్లీ యాడ తప్పు చేస్తానో అని బయపడి పోలేదు."

చిన్నాయన మొహం నేను చూడలేకపోయాను. నవ్విన నోళ్లలో నాదీ ఒకటి.

ఈసారి చిన్నాయన నిలబడలేదు, నామినేషన్ల గడువు దాటి అప్పటికి వారమైంది. ఆ సంగతులేవీ చిన్నమ్మకు తెలియవు. మిషను మీద వంగి, వేలు పెట్టి ఒక్కో బొమ్మే చూసుకుంటూ కిందిదాకా వచ్చింది.

"మన బకెట్టు యాడుండాది సార్?" అని అడిగింది.