తుఫాను పోయిందని నేను ప్రకటించిన రోజు

ఒక్క మాటతో పాతికమందిని చావు ముంగిట నిలబెట్టిన మేధావి కథ చెబుతాను, వినండి. ఆ మేధావి కోసం ఎక్కడా వెతకనక్కర్లేదు. నేనే.

డెబ్బయ్యల చివర్లో సంగతి. విశాఖపట్నం హార్బరు దగ్గర ఒక ఎగుమతుల ఆఫీసులో గుమాస్తాని. గోపాలపట్నంలో అక్కాబావల పెంకుటింట్లో ఉండేవాణ్ణి. నా ఈడు కుర్రాళ్ళకి సినిమాల పిచ్చి, నాకు తుఫాన్ల పిచ్చి. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే చాలు, మా ఇంట్లోనే పురుడొచ్చినంత హడావుడి చేసేవాణ్ణి. రేడియోలో అక్షాంశాలూ రేఖాంశాలూ చెబుతుంటే స్కూలు అట్లాసు ముందేసుకుని పెన్సిలుతో చుక్కలు పెట్టేవాణ్ణి. ఆఫీసులో నన్ను ‘వాయుగుండం’ అనేవారు. అది బిరుదనుకున్నాను, చూశారా నా తెలివి!

ఆ ఏడాది నవంబరులో హార్బరులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. నా చుక్కల వరస తిన్నగా మా ఊరి మీదికే వస్తోంది.

“ఏటిరా సుందరం, నిజంగా వత్తాదంటావా?” అన్నాడు మా బావ శామ్యూలు.

“వత్తాది బావా! నాను సెప్తన్నాను కదా!” పెళ్ళివారు వస్తున్నారన్నంత సంబరంగా అన్నాను.

తెల్లారేసరికి వచ్చింది. చుట్టుపక్కల పెంకుటిళ్ళ వాళ్ళమంతా పక్కింటి మాస్టారి డాబాలో చేరాం. పిల్లాజెల్లా పాతికమంది ఉంటాం. చేపలమ్మే అప్పలమ్మ కూడా అక్కడే ఉంది. ముందురోజు యారాడ నుంచి గంపతో వచ్చి, తిరుగు బస్సు దొరక్క చిక్కుపడిపోయింది.

గాలి ఉత్తరం నుంచి కొట్టింది. దాన్ని గాలి అనడానికి నాకిప్పటికీ నోరు రాదు. కొబ్బరిచెట్లు నేలకు తల ఆనించి లేచాయి, కొన్ని లేవలేదు. తలుపుకి అడ్డంగా బీరువా పెట్టి, దాన్ని నలుగురం వీపులతో నొక్కిపట్టాం. అవతల ఏదో పెద్ద ప్రాణి ఊపిరి పీలుస్తున్నట్టు తలుపు లోపలికీ బయటికీ కదిలింది. నేను పెట్టిన పెన్సిలు చుక్క ఇదా అని మొదటిసారి అనిపించింది.

మధ్యాహ్నానికి ఉన్నట్టుండి ఆగిపోయింది. తగ్గడం కాదండీ, ఆగడం. చెవులు పోయాయేమో అనుకున్నాను. తలుపు తీస్తే నడినెత్తిన నీలాకాశం! ఎండ! రోడ్డు మీద తెల్లటి సముద్రపు పక్షులు తడిసిన రెక్కలతో కూచుని ఉన్నాయి. దగ్గరికెళ్ళినా ఎగరలేదు.

నేను అరుగెక్కాను. గొంతు సవరించుకున్నాను. “తుఫాను ఎల్లిపోయింది! నా లెక్క ప్రకారం ఇంక బయమే నేదు. అందరూ రండి!”

వచ్చారు. నా మాటంటే అంత గురి మరి. ఆడవాళ్ళు తడిబట్టలు ఆరేశారు, పిల్లలు పడిపోయిన చెట్లెక్కారు. అప్పలమ్మ మాత్రం గుమ్మంలోంచి కదలలేదు.

“సగమే ఎల్లింది బాబూ. ఇంకో సగం ఎనకాల ఉంది. పిల్లల్ని నోపలికి రమ్మను.”

“రేడియోలో సెప్పినారేటి నీకు?” అన్నాను.

“నా బతుకంతా సముద్రం ఒడ్డునే బాబూ.”

నేను నవ్వి, ఎగిరిపోయిన పెంకులు సర్దడానికి నిచ్చెన వేసుకుని మా ఇంటి కప్పెక్కాను. ఎక్కాక నాలుగు వైపులా చూశాను. మబ్బులు గోడల్లా లేచి చుట్టూ గుండ్రంగా నిలబడ్డాయి. మేమంతా ఆకాశమంత లోతు బావి అడుగున ఉన్నాం. అంత అందాన్ని నేను మళ్ళీ చూడలేదు. నోరు తెరుచుకుని, చేతిలో పెంకు మరిచిపోయి చూస్తూండిపోయాను. సముద్రం వైపు గోడ మాత్రం దగ్గరికొస్తోంది. దానితోపాటు గూడ్సు బండి లాంటి హోరు.

“దిగరా సుందరం!” కింద నుంచి బావ కేక.

గాలి మొదటి విసురుకే నిచ్చెన నాకంటే ముందు దిగి, వీధి దాటి వెళ్ళిపోయింది. కప్పును కౌగిలించుకుని బోర్లా పడుకున్నాను. కింద అప్పలమ్మ ఒక చంకలో ఒకణ్ణి, ఇంకో చంకలో ఇంకొకణ్ణి ఇరికించుకుని, మిగతావాళ్ళను అదిలిస్తూ డాబాలోకి తోలేస్తోంది. చివరి పిల్ల గుమ్మం దాటిందో లేదో, పొద్దుట్నుంచీ ఉత్తరం నుంచి కొట్టిన గాలి ఈసారి దక్షిణం నుంచి విరుచుకుపడింది.

“దూకరా!”

దూకానో, గాలే తోసిందో! సరాసరి బావ మీద పడ్డాను. ఇద్దరం బురదలో పాకుతూ గుమ్మం చేరేసరికి మా వంటింటి కప్పు మా తలల మీదుగా ఎగిరిపోయింది.

సాయంత్రానికి నిజంగానే తెరిపిచ్చింది. మా బావ నడుము తప్పిస్తే ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. అందరూ బయటికి వెళ్ళారు, మాస్టారి మంచం కింద ఉన్న నేను తప్ప.

“రారా, ఎల్లిపోయింది!” అన్నాడు బావ, తిరిగి లోపలికొచ్చి.

“ఎవలు సెప్పినారు?”

“అప్పలమ్మ.”

“ఆవిడ్నే వచ్చి సెప్పమను!”

అప్పలమ్మ మంచం కిందికి వంగి చూసింది. “ఎల్లిపోయింది బాబూ. కావాలంటే రేడియోని అడిగిరానా?”

ఆ మంచం కిందే, వీలైనంత మోకరిల్లి ప్రమాణం చేశాను: ప్రభువా, ఇకమీదట తుఫాను ఎప్పుడొస్తుందో చెబితే చెబుతానేమో గాని, అది పోయిందన్న మాట మాత్రం ఈ జన్మలో నా నోట రాదు.

పైన మంచం మీద కూచుని నడుము పట్టుకున్న మా బావ అందరికంటే గట్టిగా “ఆమేన్” అన్నాడు.