విరిగిన తెడ్డు కర్ర

ముందు కర్ర చప్పుడు వినిపించేది. వంతెన మెట్టు మెట్టుకూ ఒక టక్కు, నడి వంతెన మీద కాసేపు మౌనం, దిగేటప్పుడు మళ్లీ టక్కు టక్కు. కింది వాటాలో దోరినా ఆ చప్పుడు వినగానే కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టేది. నివెస్ పిన్ని వస్తోందన్నమాట.

వెనిస్‌లో పుట్టి కూడా పడవ ఎక్కేది కాదు నివెస్. ఒకప్పుడు ఎక్కేది. భర్త ఒత్తొరీనో సరుకుల పడవ నడిపేవాడు. కుంటుతూ నడిచే పెళ్లానికి విరిగిన తెడ్డు చెక్కి కర్ర చేసిచ్చాడు. ఒక పొగమంచు పొద్దున ఆమె పడవ ముందు భాగాన కూర్చుని ఉల్లిపాయల ధర గురించి సణుగుతూ, ఎంతకీ జవాబు రాకపోయేసరికి వెనక్కి తిరిగింది. చుక్కాని దగ్గర ఎవరూ లేరు. నీళ్లు ఏమీ ఎరగనట్టు నున్నగా ఉన్నాయి.

అప్పటి నుంచి అన్నిటికీ నడకే. చేపల బజారుకైనా, డాక్టరు దగ్గరకైనా సందులు చుట్టి, వంతెనలెక్కి దిగి పోయేది. ఒక్క చోటికే నడక చాలదు. తర్వాత నీళ్లలో దొరికిన ఒత్తొరీనోని పాతిపెట్టిన శ్మశానం నీళ్ల మధ్య దీవి. పోయినవాళ్ల పండుగకు నీళ్ల మీద తేలే వంతెన పరుస్తారు. ఏడాదికి ఆ ఒక్కసారే చామంతులు పట్టుకుని వెళ్లేది.

ఈ ఏడాది పండుగకు ముందు వారమంతా గాలివాన. వంతెన పరచలేకపోయారు. పండుగ నాటికి తెరిపిచ్చి పడవలు మాత్రం తిరుగుతున్నాయి. ఈ చలికాలంలోనే ఒత్తొరీనో సమాధి తవ్వి, ఎముకలు గోడలో చిన్న గూట్లోకి మారుస్తారు. అక్కడి మట్టి కొత్తగా పోయినవాళ్లకు కావాలి, ఎవరికైనా అంతే. ఆయన పడుకున్న మట్టిని తాకడానికి నివెస్‌కు ఇదే ఆఖరు పండుగ.

“నా చెయ్యి పట్టుకో పిన్నీ. కళ్లు మూసి తెరిచేలోగా అవతలుంటాం,” అంది రేవులో దోరినా. దోరినా తల్లి సమాధి కూడా ఆ దీవిలోనే.

“కళ్లు మూసుకుంటేనే కదే కనపడేది.”

టికెట్లు చూసే అతను నవ్వాడు. “పావురాలు కూడా ఎక్కుతున్నాయి మా పడవ. మీకేమైందమ్మా?”

“పావురాలు వెనక్కి తిరిగి చూడవు నాయనా.”

అతను నవ్వు ఆపి, తాడు విప్పకుండా నిలబడ్డాడు. నివెస్ ఒక కాలు పడవలో పెట్టింది. పడవ ఊపిరి తీసుకున్నట్టు కొంచెం కిందికి దిగింది. కాలు వెనక్కి వచ్చేసింది.

నివెస్ చామంతులు దోరినాకి ఇచ్చింది. తర్వాత కర్ర కూడా ఇచ్చింది.

“ఇది లేకుండా ఇంటికెట్లా పోతావ్ పిన్నీ?”

“గోడలున్నాయిగా, పట్టుకుపోతా. నువ్వు దీవిలో దిగాక దీన్ని రాళ్ల మీద గట్టిగా ఆనిస్తూ నడువు. మెల్లిగా నడవాలే, నీలాగా గంతులేస్తే తెలిసిపోతుంది. నేనే వచ్చాననుకుంటాడు.”