వేడి చేసిన మట్టి

తొంభైల్లో నేను జగ్గయ్యపేటలో ఇంటర్ చదివేటప్పుడు మా కెమిస్ట్రీ మేడమ్ ఒక మాట గట్టిగా చెప్పేవారు. డెబ్బైల్లో అంగారకుడి మీద దిగిన వ్యోమనౌకల్లోని యంత్రంలో అక్కడి మట్టిని వేడి చేసి చూశారట. ప్రాణానికి ఆధారమైన కర్బన పదార్థం జాడైనా దొరకలేదట. నందిగామలో లెక్చరర్‌నయ్యాక నేనూ అదే పాఠం చెప్పాను.

2008లో ఒక ఆదివారం పేపర్లో చిన్న వార్త చూశాను. అంగారకుడి మీద కొత్తగా దిగిన వ్యోమనౌకకు ఆ మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణం కనిపించిందని. పేపర్ పట్టుకుని జగ్గయ్యపేటలో మేడమ్ ఇంటికి వెళ్లాను. ఆవిడ అప్పటికే రిటైరయ్యారు. వరండాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. వార్త చదివి, చేతిలో కాయ పక్కన పెట్టారు.

"పెర్‌క్లోరేట్‌ని వేడి చేస్తే ఏమవుద్దమ్మా?" అని అడిగారు.

"ఆక్సిజన్ వదులుద్దండి. పక్కన కర్బనం ఉంటే..." అని ఆగిపోయాను.

"కాలిపోద్ది," అన్నారావిడ. "అంటే, ఉందో లేదో చూద్దామని వేడి చేసి, ఉన్నదాన్ని మనమే తగలబెట్టుకున్నామేమో."

మర్నాడు ఆవిడ బస్సెక్కి నందిగామ వచ్చారు. నన్నడిగి నా క్లాసులోకి వచ్చి నిలబడ్డారు.

"మీ మేడమ్‌కి ఆ పాఠం చెప్పింది నేనేనర్రా. అక్కడ ఏమీ లేదని కాదు, ఉందో లేదో మనకింకా తెలీదు. అట్లా రాసుకోండి," అన్నారు.

పిల్లలు రాసుకున్నారు. ఆవిడ వెళ్లిపోయాక నేనూ నా పాత నోట్సు తీసి, 'లేదు' అన్నచోట కొట్టేసి 'తెలీదు' అని రాసుకున్నాను.