తిరుగు ఓడ పట్టీలో ముత్తాత

మా ముత్తాత సముద్రంలో మునిగిపోయాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎలా తెలుసు అని అడిగినదాన్ని నేనొక్కదాన్నే. అప్పుడు నాకు పదేళ్ళు. "నీకు నోరెక్కువ" అన్నదే జవాబు. నలభై ఏళ్ళ తర్వాత మహదేవపురలోని ఫ్లాటులో కంప్యూటరు ముందు కూర్చుని అదే ప్రశ్న పాత ఓడల ప్రయాణికుల పట్టీలను అడిగాను.

అడగమన్నది మేనత్త. నాన్నకు అక్క, ఎనభై మూడేళ్ళు, పాత పేటలో ఉంటుంది. చిన్నప్పుడు ముత్తవ్వ పక్కలోనే పడుకుని పెరిగింది.

"ఎక్కడ పోయినాడో, ఏ దినం పోయినాడో చూడమ్మా. నేను పొయ్యేలోపల ఒకసారన్నా సరైన తిథికి తద్దినం పెట్టించల్ల" అంది.

మేం పెడుతున్నది ఆయన పోయిన తిథికి కాదు, బొమ్మను కాల్చిన తిథికి. దేవనహళ్ళి అవతల మగ్గం నేసుకునే మనిషి, ఆరు నెలల కొడుకును వదిలి మద్రాసు వెళ్ళాడు. అక్కడినుంచి డెమరారా అనే చెరకుతోటల దేశానికి, అట్లాంటిక్ దాటి, కూలీగా ఓడెక్కాడని కబురొచ్చింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. మనిషి జాడ లేకపోతే పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి, దానికి దహనం చేసి, ఇంటావిడ బొట్టూ గాజులూ తీసేయాలని ఆచారం. మావాళ్ళు పన్నెండేళ్ళు ఆగలేదు. ముత్తాత తమ్ముడికి పెళ్ళి కుదిరింది. బతికాడో లేదో తేలని మనిషి ఉన్న ఇంట్లో పందిరి వేయకూడదన్నారు. అప్పుడు పెద్దలు కూర్చుని వేసిన లెక్క మా వంశంలో అందరికీ కంఠతా వచ్చు: "పది నిండినాయి, పదకొండోది నడుస్తా ఉండాది, అధికమాసాలు కలిపితే పన్నెండు ముట్టినట్లే." ఆషాఢ బహుళ దశమి. నిప్పు పెట్టింది మా తాత, పదేళ్ళ పిల్లాడు.

ఆ లెక్క గురించి నేను ఇంట్లో పోట్లాడని పెళ్ళి లేదు. పదేళ్ళలో అధికమాసాలు నాలుగు కూడా దాటవు. లెక్కలు నేను కాలేజీలో చదివాను, వాళ్ళు పందిరి కింద చదివారు.

వెళ్ళిన ఓడ పట్టీ దొరకడానికి మూడు నెలలు పట్టింది. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు. వృత్తి: వ్యవసాయం. మగ్గం మనిషి నాగలి పట్టాడని గుమాస్తా రాసుకున్నాడు. చివరి గడిలో గుర్తు: ఎడమ మోచేతిపై కాలిన మచ్చ. అత్తకు ఫోన్ చేశాను.

"గంజి మచ్చ అది. నూలుకు గంజి కాచేటప్పుడు పడింది. అవ్వ చెప్తా ఉండె" అంది అత్త. "ఓడ మునిగిందా?"

"లేదత్తా. చేరినాడు."

నేను ఇంకా వెతికాను. అక్కడ పదేళ్ళు ఉంటేగాని తిరుగు ప్రయాణానికి హక్కు రాదట. పదేళ్ళూ నిండాక బయలుదేరిన మొదటి ఓడ పట్టీ తెరిచాను. అదే నంబరు, అదే పేరు, అదే మచ్చ. ఒంటరిగా వస్తున్నాడని రాసుంది. దారిలో చనిపోయినవాళ్ళ పేర్ల పక్కన ఆ సంగతి రాశారు. ఆయన పేరు పక్కన మద్రాసులో దిగినట్టు ఉంది. ఆ తర్వాత ఆయన ఎక్కడికి వెళ్ళాడో చెప్పే పట్టీ ఏదీ లేదు.

బొమ్మను కాల్చిన సంవత్సరం పేరు అత్తకు తెలుసు. పాత పంచాంగం పక్కన పెట్టుకుని చూశాను. మళ్ళీ చూశాను. ఐదు నెలలు. బొమ్మ కాలిన ఐదు నెలలకు మనిషి దిగాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. కుక్కరు మూడు కూతలు వేస్తే లేచి కట్టేశాను.

చెప్పాలా వద్దా అని వారం రోజులు తిరిగాను. ఎవరేం దాచినా బయటికి లాగి నిలదీసే మనిషిని, ముసలావిడ ముందు ఒక కాగితం తీయడానికి వారం పట్టింది. పేటకు వెళ్ళి చెప్పేశాను. అత్త వేళ్ళ కణుపుల మీద నెలలు లెక్కపెట్టింది. ఐదో కణుపు దగ్గర బొటనవేలు ఆగింది.

"ఊరికొచ్చినాడా?"

"తెలీదత్తా."

"వచ్చింటే దారిలోనే ఎవురో చెప్పింటారు, నిన్ను కాల్చేసినారప్పా అని." బొటనవేలు కణుపు మీదినుంచి తీసి, "దానికీ దారి ఉండాది. కాల్చినోడు తిరిగొస్తే, మళ్ళీ పుట్టినట్ల పురుడుకాడినుంచి అన్నీ చేసి, ఇంట్లోకి పిలుచుకుంటారు. పెండ్లాముకు మళ్ళీ తాళి కడతాడు" అంది.

"ముత్తవ్వకు ఆ సంగతి తెలుసా?"

"నాకు చెప్పిందే ఆమె."

చిన్నప్పుడు పొద్దున్నే అత్తకు బొట్టు పెట్టి, వేలికి మిగిలిన కుంకుమను ముత్తవ్వ గోడకు తుడిచేదట. ఆ గోడ ఎర్రగా ఉండేదని అత్త ఎప్పుడూ చెప్పేది. ఆరోజు చెప్పలేదు.

"తమ్ముడికి చెప్పు. ఆ తిథికి ఇంక పెట్టొద్దు. తిరిగొచ్చినోడిని ఇంకా ఎన్నిసార్లు కాల్చేది?"

మా తమ్ముడు నాన్న పోయాక ఈ పనులన్నీ చూసుకుంటున్నవాడు. అక్కడినుంచే ఫోన్ చేస్తే ఎగిరాడు. "అక్కా, సుమ్నే నోరు మూసుకుని ఉండలేవా నువ్వు? అది కాకపోతే ఏ దినం? తద్దినం పెట్టించే అయ్యవారికి ఏమని చెప్పేది?"

అత్త ఫోన్ లాక్కుంది. "ఏ దినమూ వద్దు లేరా. మహాలయ అమావాస్యకు అందరితోపాటు ఆయనకూ ఒక ముద్ద పెట్టు."

ఈ ఏడు ఆషాఢ బహుళ దశమి బుధవారం వచ్చింది. ఆరోజు ముత్తవ్వ బతికినన్నాళ్ళూ పచ్చి నీళ్ళు ముట్టలేదు, ఆమె తర్వాత అత్త కూడా ముట్టలేదు. పదకొండింటికి ఫోన్ చేశాను.

"ఏమన్నా తిన్నావా అత్తా?"

"తిన్నాను" అంది. "రెండు ఇడ్లీలు."