మీ చేపను ఇక్కడ అంటించండి

ఒకే ఒక్క మాట కొట్టేసి, నిండు చర్చిని చేపల బజారుగా మార్చేసిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే వచ్చి నా మొహం చూడండి. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ ఆదివారం సంత్రాగాఛి పిల్లులే నన్ను చూసి నవ్వాయి, ఇక మీరు నవ్వితే తప్పేముంది?

అప్పటికి నేను ఒంగోలు నుంచి కలకత్తా వచ్చి ఎనిమిది నెలలు. న్యూ టౌన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఇతరులు రాసినదాంట్లో తప్పులు పట్టడమే నా పని. రోజుకు పది గంటలు ఎదుటివాళ్ళ తప్పులు పట్టే మనిషికి తాను తప్పు చేయగలనన్న అనుమానం ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి?

ప్రతి ఆదివారం క్యాబ్ ఎక్కి, గంగ మీద వంతెన దాటి, సంత్రాగాఛిలో రైల్వే క్వార్టర్ల పక్కనున్న తెలుగు చర్చికి వెళ్ళేదాన్ని. అక్కడివాళ్ళలో చాలామంది తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులోనూ రైల్వేలోనూ పనికి కుదిరినవాళ్ళు. వాళ్ళ తెలుగులో బెంగాలీ, హిందీ బిర్యానీలో లవంగాల్లా తగులుతుంటాయి. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ, రాసి చూపిస్తే జిలేబీల పళ్ళెం చూసినట్టు చూస్తారు. "పాపం, వీళ్ళ తెలుగును నేనే ఉద్ధరించాలి" అని నాకు లోలోపల ఒక ఊహ. ఉట్టికెగరలేనమ్మ భాషోద్ధరణకు ఎగిరిందట!

ఒక వానాకాలపు ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు నన్ను పిలిచారు.

"సుహాసినీ, సండే స్కూలు టీచరు ఊరెళ్ళింది. వచ్చే వారం పిల్లలకు పాఠం నువ్వు చెప్తావామ్మా?"

"తప్పకుండా చెప్తానండి. ఐదు రొట్టెలు, రెండు చేపల కథ చెప్తాను."

"మంచిది. కథ చెప్పి ఊరుకోకు. రేపు పొద్దున్న బడిలో, ఇంట్లో ఆ పిల్లలకు పనికొచ్చేట్టు చెప్పు."

కథ మీకు తెలిసే ఉంటుంది. గలిలయ సముద్రం ఒడ్డున, ఊరికి దూరంగా వేలమంది జనం, పొద్దు వాలిపోతోంది, అందరికీ ఆకలి. ఒక పిల్లవాడి దగ్గర మాత్రం ఐదు రొట్టెలు, రెండు చిన్న చేపలు ఉన్నాయి. వాడు వాటిని యేసు చేతికిచ్చేశాడు. ఆయన ప్రార్థించి పంచిపెడితే అందరి కడుపులూ నిండి, పన్నెండు గంపలు మిగిలాయి.

నా పథకం చాలా గొప్పది. పిల్లలు ఇంటి దగ్గర కాగితంతో రొట్టెలు, చేపలు చేసి తేవాలి. ఒక్కో చేప మీద తాము ఇతరులతో పంచుకోగలిగినది ఒకటి రాయాలి. పెన్సిలు, అరటిపండు, క్రికెట్ బ్యాటు, ఏదైనా సరే. వాటిని నా పెద్ద చార్టు మీద అంటించాలి. విశ్వాసం, చేతిపని, తెలుగు, ఒకే దెబ్బకు మూడు పిట్టలు.

శనివారం పొద్దున్నే సందేశం రాయడానికి కూర్చున్నాను. మొదట రాసినదాంట్లో "కాగితంతో చేసిన" అనే మాట ఉంది. నా ఉద్యోగం మీద ఒట్టు, ఉంది! పైకి చదువుకుంటే వాక్యం కుంటుతున్నట్టు అనిపించింది. గలిలయ సముద్రం ఒడ్డున కాగితమేమిటి, అసహ్యంగా? ఆ మాట కొట్టేశాను. మిగిలింది ఇది:

"ప్రియులారా! రేపటి పాఠమునకు ప్రతి కుటుంబము నుండి ఐదు రొట్టెలు, రెండు చేపలు తప్పక తీసుకొని రావలెను. విశ్వాసముతో సిద్ధపరచుడి."

చదువుకుని మురిసిపోయాను. మురిపెంలో దాన్ని పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో కాకుండా మొత్తం చర్చి గ్రూపులో పెట్టాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వేలు మంచిదైతే గ్రూపు మంచిదని నేనంటాను.

కాసేపటికే ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఏ సేప తేవాలమ్మా?" అని గాబ్రియేలు తాతగారు గొంతు రికార్డు చేసి పంపారు. ఆయన ఒకప్పుడు రేవులో ఖలాసీ. ఆయన పక్కనుంటే ఓడ సైరను కూడా సిగ్గుపడుతుంది.

"మీ ఇష్టం తాతగారూ. చూడడానికి బాగుంటే చాలు" అని రాశాను.

"పెద్దదా, సిన్నదా?"

"పెద్దదైతే వెనకవాళ్ళకు కూడా కనిపిస్తుందండి."

పాస్టరమ్మ గారు అడిగారు: "ఇంట్లోనే కోసి తేవాలా, అక్కడ కోయిస్తావా?"

"ఇంట్లోనే కోసి తెండి అమ్మగారూ. పిల్లల చేతికి మాత్రం పదునైనవి ఇవ్వకండి."

చూశారా, ఎంత శ్రద్ధో! కత్తెరతో వేలు తెగుతుందని నా భయం. పెద్ద కత్తిపీటల ముందు కూర్చున్న ముప్పై మంది గృహిణులు మాత్రం "పిల్ల చిన్నదైనా ఎంత బాధ్యతో!" అని మెచ్చుకున్నారట. తరువాత తెలిసింది.

మర్నాడు చార్టు చుట్టచుట్టుకుని, ఎనిమిది గమ్ము సీసాలు సంచీలో వేసుకుని క్యాబ్ దిగాను. సన్నగా వాన. గాలిలో ఏదో తేడాగా ఉంది. "పక్క వీధిలో చేపల బండి ఆగినట్టుంది" అనుకున్నాను. చర్చి మెట్ల మీద తొమ్మిది పిల్లులు వరుసగా కూర్చుని ఉన్నాయి. మా సభ్యులెవరూ ఏ ఆదివారమూ అంత సమయానికి రాలేదు.

లోపల అడుగుపెట్టాను. బల్లల మీద, బల్లల కింద, కిటికీ గట్టు మీద టిఫిను క్యారేజీలు, బకెట్లు, గిన్నెలు, నీళ్ళు కారే సంచులు. ఒక పక్క రొట్టెలు గుట్టలుగా ఉన్నాయి. గోధుమ రొట్టెలు, పూరీలు, బేకరీ బ్రెడ్డు. ఒక కుటుంబం ఇలిష్ తెచ్చింది, మన గోదావరి వాళ్ళు పులస అంటారే, అదే. ఇంకొకరు బకెట్లో ప్రాణంతో ఉన్న మాగుర్ చేపలు రెండు తెచ్చారు, అవి బకెట్లోనే బాప్తిస్మం తీసుకుంటున్నట్టు మునిగి లేస్తున్నాయి.

"వందనాలమ్మా! ప్రేమ విందు పెట్టిస్తున్నావన్న మాట" అన్నారు పాస్టరు గారు సంతోషంగా. "ముందే చెప్తే గ్యాసు పొయ్యి తెప్పించేవాణ్ణి కదా. ఇక్కడ టీ కాచుకునే పొయ్యి ఒక్కటే ఉంది."

ఇప్పుడు నేను చెప్పవలసిన మాటలు రెండే: పొరపాటైంది, క్షమించండి. ఆ రెండూ నా గొంతులో ఇలిష్ ముల్లులా అడ్డం పడ్డాయి. ముప్పై కుటుంబాలు, నూట యాభై రొట్టెలు, అరవై చేపలు, ఎనిమిది గమ్ము సీసాలు. తప్పులు పట్టే మనిషి తప్పు ఎలా ఒప్పుకుంటుంది?

"ఇది... విశ్వాస పరీక్షండి" అన్నాను.

"ఆహా!" అన్నారు పాస్టరు గారు. "అయితే పిల్లలకే ఎందుకమ్మా? అందరికీ చెప్పు."

అడుసు తొక్కడమెందుకు, అందులో ఈత కొట్టడమెందుకు అని ఎవరైనా నాకు ముందే చెప్పాల్సింది.

అప్పుడే దీనమ్మ మామ్మ నా దగ్గరికి వచ్చింది. టికియాపారాలో ఒక్కతే ఉంటుంది. లోకల్ రైల్లో నిలబడి వచ్చింది. చేతిలో చిన్న స్టీలు డబ్బా, అందులో ఐదు రొట్టెలు, వేయించిన చిన్న చేపలు రెండు.

"సరిపోతాయేటమ్మా?" అంది. "నానొక్కర్తినే గదా, ఒకటి సాల్దా అనుకున్నాను. రెండు అన్నావు గదా, రెండూ తెచ్చీసినాను. ఇంకా పెద్దవి కావాలేటి?"

"వద్దు మామ్మగారూ, ఇవి చాలు" అన్నాను.

జనమంతా కూర్చున్నారు. నేను ముందు నిలబడ్డాను. ఏదో ఒకటి చేయాలి కదా, అలవాటు కొద్దీ చార్టు విప్పి గోడకు తగిలించాను. ఆ చార్టు మీద నిన్న నేనే నా చేతులతో గుమ్మడికాయలంత అక్షరాలు రాశానన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

గాబ్రియేలు తాతగారు కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు.

"'మీ సేపను ఇక్కడ అంటించండి.'"

తాతగారు లేచి, తన సంచీలోంచి రుయి చేపను తోక పట్టుకుని పైకెత్తారు. చార్టు చూశారు. చేప చూశారు. బల్ల మీదున్న గమ్ము సీసా తీసి అటూ ఇటూ తిప్పారు.

"అమ్మా, రెండు కిలోల సేపిది. ఈ గమ్ముకి ఆగుతాదేటి?"

ఆ క్షణంలోనే మాగుర్ ఒకటి బకెట్లోంచి ఎగిరి నడవలో పడింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. మెట్ల మీది పిల్లులు ఆహ్వానం అందినట్టు లోపలికొచ్చాయి. పిల్లలు బల్లలెక్కి, తెలుగు చేపను మరిచి "మాఛ్! మాఛ్!" అని అరుపులు. సంఘ పెద్ద ఒకాయన వంగి చేపను పట్టుకోబోతే అది జారి కానుకల పెట్టె కింద దూరింది.

ఇక దాచడం నా వల్ల కాలేదు. "కాగితం!" అని అరిచాను, దాదాపు ఏడుస్తూ. "నేను కాగితం చేపలు తెమ్మన్నానండి! బొమ్మలు! ఆ మాట నేనే కొట్టేశాను. విశ్వాస పరీక్షా లేదు, ప్రేమ విందూ లేదు. నేను అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి."

పాస్టరు గారు నేలచూపులు చూస్తున్నారు. ఇవాళ్టితో నాకు ఈ చర్చి లేదు, ఈ ఊళ్ళో తెలుగు మాట వినిపించే చోటు ఇదొక్కటే, దాన్నీ పోగొట్టుకున్నాను అనుకున్నాను.

మొదటి బల్ల మీంచి దీనమ్మ మామ్మ అడిగింది.

"కాగితం సేపలా?"

"అవును మామ్మగారూ."

"ఓలమ్మ! ఆ దినం ఆ గుంటడు కాగితం సేపలు ఇచ్చీసుంటే, జనం కడుపులు ఎలాగ నిండుతాయే?"

ముందు పాస్టరమ్మ గారు నవ్వారు. తరువాత తాతగారు నవ్వారు, ఆయన నవ్వితే కిటికీ అద్దాలు కూడా నవ్వుతాయి. ఇక చర్చి చర్చంతా నవ్వు. పాస్టరు గారు కళ్ళు తుడుచుకుంటూ, "సుహాసినీ, పాఠం మామ్మగారు చెప్పేశారు. నువ్వు కూర్చో" అన్నారు.

ఆ తరువాత అక్కడ నా మాట ఎవరికీ అవసరం లేకపోయింది. పక్కింట్లో పందిళ్ళకూ విందులకూ సామాను అద్దెకిచ్చే బెంగాలీ దాదా గోల విని తలుపు దగ్గరకొచ్చి, "కీ బ్యాపార్?" అని అడిగాడు, సంగతేమిటని. చెప్పగానే రెండు కడాయిలు, పెద్ద పొయ్యి మోయించుకొచ్చాడు. "అద్దె ఎంత?" అన్నారు పాస్టరు గారు. "ఇలిష్ ఉందని విన్నాను" అన్నాడు దాదా. అద్దె తేలిపోయింది.

పెరట్లో రేకుల కింద పొయ్యి వెలిగింది. పెద్ద యుద్ధమూ వెలిగింది.

"సేపలంటే సింతపండు పులుసే" అంది దీనమ్మ మామ్మ.

"ఆవాల ముద్ద వెయ్యకపోతే ఇలిష్ ఏడుస్తుంది మామ్మా" అంది ఇక్కడే పుట్టిపెరిగిన ఒక కోడలు.

"ఏడిస్తే ఏడవనీ, పులుపు తగిల్తే ఊరుకుంటాది!"

చివరికి రెండు కడాయిలు, రెండు మతాలు. నాకు ఉల్లిపాయలు తరిగే పని ఇచ్చారు. పాస్టరమ్మ గారు కత్తి ఇస్తూ, "పదునైనది, జాగ్రత్త" అన్నారు. ఆవిడకు అంత గడుసుతనం ఉందని అప్పటిదాకా తెలియదు.

ఆ రోజు మేము తిన్నాం. దాదా ఇంటిల్లిపాదీ తిన్నారు. యార్డులో వానకు తడుస్తూ పట్టాల పని చేసే గ్యాంగు మొత్తాన్ని తాతగారు ఒక్క కేకతో రప్పించారు, వాళ్ళూ తిన్నారు. పిల్లులు తిని, నడవలేక, మెట్ల మీదే పడుకున్నాయి. ఇంకా మిగిలితే క్యారేజీల్లో సర్ది ఎవరింటికి వాళ్ళు పట్టుకెళ్ళారు. మిగిలినవి ఎన్ని గంపలో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ఓపిక కడుపు నిండినవాడికి ఉంటుందా?

నేను ఒక మూల తలవంచుకుని తింటుంటే దీనమ్మ మామ్మ తన స్టీలు డబ్బాతో వచ్చి, వేయించిన చేప ఒకటి నా ఆకులో వేసింది.

"మామ్మగారూ, మీకో?"

"రెండోది ఉంది గదేటి. నువ్వు తినమ్మా. దినమూ హోటలు కూడే గదా నీకు."

తిన్నాను. పిల్లలకు నేను చెప్పాలనుకున్నదంతా ఆ చిన్న చేపలో ఉంది. ఉన్నదాంట్లో సగం ఎదుటివాళ్ళ ఆకులో వెయ్యడం. దానికి చార్టు అక్కర్లేదు, గమ్ము అసలే అక్కర్లేదు. కళ్ళు చెమర్చాయి. కారం ఎక్కువైందని చెప్పాను. అది ఆ రోజుకు నా రెండో అబద్ధం.

కథ ఇక్కడితో ముగిస్తే నేను కాస్త గౌరవంగా మిగిలేదాన్ని. కానీ ఊరెళ్ళిన టీచరు ఊళ్ళోనే ఉండిపోయింది. మరుసటి వారం పాఠం కూడా నాకే పడింది. కానా ఊరి పెళ్ళి, నీళ్ళు ద్రాక్షారసంగా మారిన కథ. పాస్టరు గారు ఆ మాట ప్రకటించగానే, సండే స్కూలు గడప ఏనాడూ తొక్కని వెనక బల్లల పెద్దమనుషులు ఏడుగురు ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. గాబ్రియేలు తాతగారు లేచి, ఎంతో భక్తిగా, ఆయన జన్మలో ఎన్నడూ లేనంత మెల్లని గొంతుతో అడిగారు.

"టీచరమ్మా, ఈసారి మమ్మల్ని ఏటి తెమ్మంటావు?"

ఒట్టు పెట్టుకోవద్దని బైబిలే చెప్పింది. నా ఉద్యోగం మీద ఇందాక పెట్టిన ఒట్టుకు కూడా క్షమాపణ అడుగుతూ, ఈసారి ఉత్త మాట మాత్రమే ఇస్తున్నాను. ఈ కంఠంలో ప్రాణముండగా చర్చి గ్రూపులో పాఠం గురించి ఒక్క ముక్క రాయను. చెప్పవలసినదేదో ఎదురుగా నిలబడి, నోటితోనే, "ఏమీ తేవద్దు, ఖాళీ చేతులతో రండి, నీళ్ళు కూడా నేనే తెస్తాను" అని విస్పష్టంగా చెబుతాను. వెనక బల్లకు వెళ్ళి రెండుసార్లు చెబుతాను.