రెండో గేరులో మలుపు

మా డిపోలో ఆయన్ని అందరూ ముక్కుసూటి అనేవారు. ఎదురుగా ఉంటే అన్నా, పక్కకి వెళ్ళగానే ముక్కుసూటి. స్టీరింగు ముందు కూర్చున్నాడంటే ఆయన చూపు రోడ్డు మీదే ఉండేది. ఎవరు పలకరించినా తల తిప్పేవాడు కాదు, ఊఁ అనేవాడు, అంతే. నా కండక్టరు ఉద్యోగం ఆయన బస్సులోనే మొదలైంది. ఆడమనిషి టికెట్లు కొట్టడమేమిటని నవ్వేవాళ్ళు ఇంకా ఉన్న రోజులవి. మొదటి రోజు నేను బిక్కమొహం వేసుకుని మెట్ల దగ్గర నిలబడితే, "లోపలికి రా, గాలి తగుల్తుంది" అని ఒక్క ముక్క చెప్పి బండి తీశాడు. అప్పటి నుంచి నాకు అన్నయ్య.

ఆయన బండి నడిపే తీరు గురించి నేను చెప్తే పొగిడినట్టుంటుంది. ఉండనివ్వండి, పొగడడానికే చెప్తున్నాను. ఆయన బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళు కడ్డీ పట్టుకోనక్కర్లేదు. ఒళ్ళో నిద్రపోయే పిల్లలు దిగేదాకా లేచేవారు కాదు. అంత సర్వీసులో ఒక కోడిపిల్లని తొక్కిన పాపం కూడా ఎరగడు. రిటైరైన రోజు అందరూ నాలుగు మాటలు చెప్పమని మైకు చేతికిస్తే, డ్రైవరు కళ్ళు రోడ్డు మీదే ఉండాలి అని చెప్పి వచ్చి కూర్చున్నాడు. మేం ఇంకా ఏదో ఉంటుందని చప్పట్లు కొట్టకుండా ఎదురుచూశాం.

వదిన ఆయనకి పూర్తిగా వ్యతిరేకం. ఆవిడ దగ్గర మాటకి కరువు లేదు. ఆవిడకి మొగుడి మీద ఫిర్యాదు ఒక్కటే, కానీ దాన్ని ఎన్నేళ్ళయినా పాతబడనివ్వలేదు.

మా రూటు గుండ్రంగా తిరిగొచ్చేది. వెళ్ళేది ఏటి రోడ్డు, వచ్చేది క్వారీ రోడ్డు. అన్నయ్య మొదటి బస్సు ఎక్కే వేళకి ఇంట్లో వంట అయ్యేది కాదు. అందుకని వదిన క్యారేజీ పట్టుకుని వాళ్ళ సందులోంచి నడిచి ఏటి రోడ్డు మలుపు దగ్గరికి వచ్చేది. బండి ఆగీ ఆగకముందే ఆయన కిటికీలోంచి క్యారేజీ అందుకుని, నిన్నటి ఖాళీది సంచితో సహా ఆవిడ చేతికిచ్చేవాడు. బండి కదిలిపోయేది. మలుపు దాటాక రోడ్డు చాలాదూరం తిన్నగా పోతుంది. బస్సు కనుమరుగయ్యేదాకా వదిన ఆ సంచి పట్టుకుని అక్కడే నిలబడేది. ఇది ఎండనక వాననక, ఆయన రిటైరయ్యేదాకా జరిగింది.

"అంతసేపు నిలబడేదాన్నా, ఒక్కనాడైనా వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదే" అనేది వదిన నాతో. "చూడనివాడికి చెయ్యి ఊపడం దేనికని నేనూ ఊపేదాన్ని కాదు."

అన్నయ్య వింటూనే ఉండేవాడు. ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

రిటైరయ్యాక ఆయన బొమ్మల్లో పడ్డాడు. గేటుకి రంగు వేయగా మిగిలిన డబ్బాతో మొదలైంది. మేడ మెట్ల కింద ఉన్న చిన్న గదిలోంచి పాత సైకిలు, పగిలిన బకెట్లు బయటికొచ్చాయి, ఆయన లోపలికెళ్ళాడు. మొదట్లో వేసినవి చూసి నేను కొండని గోనెసంచి అనుకున్నాను. ఆ సంగతి మొహం మీదే చెప్పాను కూడా. ఆయన మళ్ళీ వేశాడు, మళ్ళీ తుడిచాడు. తుడవడం కూడా బస్సు అద్దం తుడిచినట్టే, ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క ఊపులో. గది గోడలకి రంగు, తలుపుకి రంగు, వదిన ఉతికి ఆరేసిన దుప్పటికీ రంగు. కొంతకాలానికి ఆ గోనెసంచి కొండ అయింది. ఆ తర్వాత ఆ కొండ మీద పొద్దున్నపూట ఎండ పడింది. ఆ ఎండ చూసిన రోజు నేను వెటకారం మానేశాను.

ఆ ఏడాది మా హైస్కూలు డ్రాయింగ్ మాస్టారు ఒక ప్రదర్శన తలపెట్టారు. చుట్టుపక్కల బొమ్మలు వేసేవాళ్ళందరినీ వెతికి పట్టుకున్నారు. ఎవరి పొట్టకూటి పని వాళ్ళకుంది, తీరిక వేళల్లో వేస్తారు. ఆస్పత్రి నర్సు వార్డు కిటికీలోంచి కనపడే పొలాలని కాలానికొకటి చొప్పున వేసింది. దుకాణాల బోర్డులు రాసే ఆయన క్వారీ గుంటలో నిలిచిన ఆకుపచ్చ నీళ్ళని ఎనామిల్ రంగుతో వేస్తే, వేలు పెడితే తడి అంటుకుంటుందేమో అనిపించింది. రోజూ చూసి చూసి మనం చూడడం మానేసిన చోట్లే అన్నీ. ప్రదర్శనకి మాస్టారు పెట్టిన పేరు 'మన కళ్ళముందున్నది'. ఆయన నియమం కూడా ఒకటుంది. ప్రతి బొమ్మ కిందా ఒక చిన్న అట్ట పెడతారు, ఎక్కడ నిలబడి చూస్తే ఈ దృశ్యం కనపడుతుందో దాని మీద రాస్తారు. జనం బొమ్మ చూసి, ఆ చోటుకి వెళ్ళి నిలబడి, మళ్ళీ కొత్తగా చూసుకోవాలని ఆయన కోరిక. మంచి కోరికే.

అన్నయ్య ఇచ్చిన బొమ్మ ఏటి రోడ్డు మలుపు. నిలువుగా, సన్నగా కోసిన ప్లైవుడ్ ముక్క మీద వేశాడు. మూలలు గుండ్రంగా అరగదీశాడు. ఇదేం ఆకారమని అడిగితే, అలా ఉంటేనే అందులో ఇముడుతుంది అన్నాడు. వెనక్కి సన్నబడుతూ పోయే తారురోడ్డు, ఒకపక్క కొండ, ఒకపక్క ఏరు, రోడ్డంచున గోరంత నీలంరంగు. ఆ నీలం మైలురాయి అనుకున్నాం. అన్ని బొమ్మల్లో అదే గొప్పదని నేనంటే నమ్మక్కర్లేదు, కానీ నర్సు కూడా అదే అంది.

వదినకి కాలు ఒకచోట నిలవలేదు. ప్రదర్శన సంగతి సందంతా చెప్పొచ్చింది. అన్నేళ్ళు బస్సు తోలి తోలి ఎవరి కంటా పడకుండా రిటైరైన మనిషిని ఊరు ఇప్పటికైనా చూస్తుందని ఆవిడ సంబరం.

ఆ సంబరం మీద మాస్టారు నీళ్ళు పోశారు. పోశారని ఆయన్ని తిట్టుకున్నాను గానీ ఆయన తప్పేం లేదు. అట్ట రాయడానికి బొమ్మ పట్టుకుని స్వయంగా ఆ మలుపు దగ్గరికి వెళ్ళి చూసుకున్నారు. కొండ ఎడమపక్క ఉండాలి, బొమ్మలో కుడిపక్క ఉంది. ఏరు కుడిపక్క ఉండాలి, అది ఎడమకి పోయింది. ఎటు తిరిగి నిలబడినా కుదరలేదట. ఇంటికొచ్చి ఎంతో మర్యాదగా చెప్పారు. ఇంత బాగా వేశారు, ఇదొక్కటీ సరిచేసి ప్రారంభం లోపల ఇచ్చేయండి, లేకపోతే నా నియమం ప్రకారం గోడకి పెట్టలేను అన్నారు.

అన్నయ్య బొమ్మని చాలాసేపు చూశాడు. మొదట ఆయనకీ అర్థం కాలేదు, నుదురు ముడిపడింది. తర్వాత ఏదో తట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. మార్చను, పెడితే ఇలాగే పెట్టండి, లేకపోతే వద్దు అని మెట్లకింది గదిలోకి వెళ్ళిపోయాడు.

ఇక ఆ ఇంట్లో యుద్ధమే. కొండని ఇటునుంచి అటు మారిస్తే నీ సొమ్మేం పోయిందని వదిన. ఆయన ఉలకడు, పలకడు. ఇంత మొండితనం దేనికో నాకూ అంతుబట్టలేదు. వదిన నా దగ్గర కళ్ళు తుడుచుకుంది. ఊరికి ఏం మొహం చూపించనే అని కాదు ఆవిడ బాధ. ఆయన బొమ్మ లేకుండా ఆ గోడ ఎలా ఉంటుందే అంది.

మర్నాడు డ్యూటీలో అదే ఆలోచన. ఏటి రోడ్డు ఎక్కగానే టికెట్లు పక్కన పెట్టి, కొత్త డ్రైవరు పక్కకి వెళ్ళి నిలబడ్డాను. మాస్టారిది తప్పో, అన్నయ్యది తప్పో ఈ కళ్ళతో చూద్దామని. మలుపు దాటాం. ఎదురుగా ఉత్త తిన్నటి రోడ్డు, కొండా లేదు, మలుపూ లేదు, అవి వెనక్కి పోయాయి. వెనక్కి తిరగబోతూ, యథాలాపంగా డ్రైవరు పక్కనున్న అద్దం వైపు చూశాను.

నిలువుగా, సన్నగా, మూలలు గుండ్రంగా ఉన్న అద్దం. అందులో కొండ కుడిపక్క, ఏరు ఎడమపక్క, సన్నబడుతూ వెనక్కి పోయే రోడ్డు. రోడ్డంచున వదిన నిలబడే చోటు ఖాళీగా ఉంది. అక్కడ మైలురాయి ఏదీ లేదు.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ తిన్నటి రోడ్డు మీద అన్నయ్య బండిని ఎప్పుడూ రెండో గేరులోనే పోనిచ్చేవాడు. నున్నగా ఉన్న రోడ్డు మీద ఈ నత్తనడకేమిటి అని ప్రయాణికులు విసుక్కునేవారు. నేను అడిగితే ఇంజను వేడెక్కాలి అనేవాడు. నేను వెర్రిదాన్ని, అదే నిజమనుకుని అందరికీ ఇంజను గురించి పాఠం చెప్పేదాన్ని.

సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా మెట్లకింది గదికి వెళ్ళాను. ఆ నీలంరంగు మైలురాయి కాదు, వదిన చీర అన్నాను. ఆయన కుంచె కడుక్కుంటున్నాడు, తల ఎత్తలేదు. ఈ మాట వదినకి ఎందుకు చెప్పవని నిలదీశాను.

"బస్సు నిండా జనాన్ని పెట్టుకుని, పెళ్ళాన్ని చూస్తూ బండి నడిపానని చెప్పుకోమంటావా?" అన్నాడు.

అద్దం చూడడం కూడా డ్రైవింగే కదా అన్నాను.

"అద్దంలో వెనకొచ్చే బండిని చూడాలి. మనిషిని కాదు."

అదీ ఆయన సిగ్గు. ఒక్క మచ్చ లేని సర్వీసులో తనకి మాత్రమే తెలిసిన మచ్చ అది. బొమ్మ వేసేటప్పుడు అద్దం గుర్తే లేదట, కళ్ళు మూసుకుంటే ఆ చోటు ఎలా కనపడుతుందో అలా వేశాడట. మాస్టారు చెప్పాకే తెలిసిందట. మరి మార్చెయ్యొచ్చు కదా అంటే, మారిస్తే అది ఎవరో చూసిన రోడ్డవుతుంది అన్నాడు. వదినకి చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు.

మాట తప్పలేదు. చెప్పలేదు, బస్సెక్కించాను, అంతే. మర్నాడు వదినని బలవంతాన లాక్కెళ్ళి డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టాను. అంతకాలం ఆ రోడ్డంచున నిలబడ్డ మనిషి, ఆ పూట బస్సులో కూర్చుని ఆ మలుపు దాటింది. దాటగానే, అద్దంలోకి చూడు వదినా అన్నాను. డ్రైవరుతో ముందే చెప్పి ఉంచాను, రెండో గేరులో పోనిమ్మని.

వదిన చూసింది. మలుపు చిన్నదవుతూ చిన్నదవుతూ అద్దంలోంచి జారిపోయేదాకా చూస్తూనే ఉంది.

"రోజూనా?" అంది చివరికి.

"ఆయన చూపు నేను చూడలేదు వదినా. రెండో గేరు మాత్రం రోజూ."

దిగాక ఇంటికి పోలేదు. సరాసరి హైస్కూలుకి వెళ్ళి మాస్టారిని క్లాసులోంచి బయటికి పిలిపించింది. ఆయన ఆవిడ చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నిలబడే చోటు కోసం వెతికాను గానీ కూర్చునే చోటు సంగతి నాకు తోచలేదమ్మా అన్నారు.

ప్రారంభం రోజున లైబ్రరీ మేడ మీద హాలు నిండిపోయింది. జనం ఒక బొమ్మ ముందు ఆగి, ఇది మన క్వారీయా అని వాళ్ళలో వాళ్ళు ఆశ్చర్యపోతున్నారు. నర్సు బొమ్మల ముందు ఒక ముసలాయన, ఆ కిటికీ పక్క మంచం నాదే అని అందరికీ చూపిస్తున్నాడు. నడిమి గోడ మీద అన్నయ్య బొమ్మ, దాని కింద మాస్టారు గుండ్రటి అక్షరాలతో రాసిన అట్ట ఉన్నాయి. 'ఏటి రోడ్డు మలుపు. డ్రైవరు సీట్లో కూర్చుని, పక్క అద్దంలో చూడాలి.'

అట్ట చదివినప్పుడు అన్నయ్య నా వైపు కొరకొరా చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. అంతటితో ఆయన వెళ్ళి హాలు చివర పెద్ద కిటికీ దగ్గర, అందరికీ వీపు పెట్టి నిలబడ్డాడు. బయట చీకటి పడింది, హాల్లో దీపాలు వెలిగాయి.

వదిన నీలంరంగు చీర కట్టుకొచ్చి బొమ్మ పక్కనే కాపలా ఉంది. ఎవరో ఒకాయన వంగి చూసి, ఇక్కడ మైలురాయి ఉన్నట్టు లేదే అన్నాడు.

"రాయి కాదండీ, నేను" అంది.

ఆయన తడబడి నవ్వి, మరి వేసినాయన ఏరని అడిగాడు. వదిన కిటికీ వైపు వేలు చూపించబోయి ఆగింది. అన్నయ్య అటే తిరిగి ఉన్నాడు, ముక్కుసూటిగా, కిటికీ అద్దం వైపు. వదిన ఆ వీపుని కాసేపు చూసింది. తర్వాత ఎప్పుడూ చెయ్యని పని చేసింది. చెయ్యెత్తి మెల్లగా ఊపింది.

అన్నయ్య వెనక్కి తిరగలేదు. అలాగే నిలబడి, తన చెయ్యి కూడా పైకెత్తాడు.